రేవు కొన్న పింగాణీ షావుకారు

అనగనగా సముద్రమొడ్డున ఒక ఊరుందర్రా. దానికి భీమరాజని రాజు. గాలివానకి ఆయన రేవు కాస్తా కొట్టుకుపోయింది. మళ్ళీ కట్టే దారి తోచక తల పట్టుకు కూచుంటే, దూరదేశం నుంచి పింగాణీ గిన్నెలమ్మే షావుకారొకడు దిగాడు. నేను కట్టిస్తాను, రేవు మాత్రం నాదవ్వాలన్నాడు. రాజు సరేననేశాడు. రాజుగారి చిన్నకోడలు వరహాలు ఓడ నడిపే సరంగు కూతురు. "మావయ్యగారూ, ఏ ఓడ ఎప్పుడు దిగాలో చెప్పే మాట మన దగ్గరే ఉంచండి" అంది. రాజు విన్లేదు. ఊఁ కొడుతున్నారా, నిద్దరోయారా?

షావుకారు రేవు కట్టాడు. అబ్బో, ఎంత బాగా కట్టాడనీ! ఊరంతా సంబరమే. ఆ ఏడు వానల్లేవు, పంటల్లేవు. గింజలు పైదేశాల నుంచే రావాలి. బియ్యం ఓడొస్తే షావుకారు ఆగమన్నాడు. పప్పు ఓడొస్తే ఆగమన్నాడు. తన దేశపు పింగాణీ ఓడొస్తే మాత్రం రా నాయనా రా! ఇంటింటా గిన్నెలే, గిన్నెలో మెతుకు లేదు. అంగట్లో బియ్యం ధర కొండెక్కి కూచుంది. వరహాలు కొడుక్కి పల్చటి జావ పోస్తే, వాడు జావ కేసీ అమ్మ కేసీ చూశాడు. ఆవిడ గిన్నె అక్కడే పెట్టి మావగారి దగ్గరికెళ్ళింది.

"రేవంటే ఆ షావుకారిది. సముద్రం కూడా అమ్మేశారా మావయ్యగారూ?"

"లేదమ్మా," అన్నాడు రాజు బిక్కమొహం వేసుకుని.

అంతే, కొంగు బిగించి జాలరిపేటకి నడిచింది. తెప్పలన్నీ కదిలాయి. ఓడలోంచి తెప్పలోకి, తెప్పలోంచి ఇసకలోకి, ఇసకలోంచి బండిలోకి, బండిలోంచి కుండలోకి! రాజుగారు కూడా పంచె ఎగ్గట్టి బస్తా మోశాడర్రా, మోస్తూ మోస్తూ అలకి తడిసి ముద్దయ్యాడు. జనం ఒకటే నవ్వు!

ఇక షావుకారి రేవులో కాకులు తప్ప ఎవరూ దిగలేదు. గిన్నెలు కొనే నాథుడు లేడు. ఆఖరికి తనే వచ్చి, ఏం చెయ్యమంటావు తల్లీ అన్నాడు. వరహాలు ముందు కూచోబెట్టి అన్నం పెట్టింది. తిన్నాక చెప్పింది. "రేవు చూసుకోండి, మీ కూలి మీరు తీసుకోండి. ముందొచ్చిన ఓడ ముందు దిగాలి, కరువొస్తే తిండి ఓడే ముందు. ఆ మాట చెప్పేది మాత్రం మా రాజుగారు."

షావుకారు ఒప్పుకున్నాడు. నాలుగు దేశాల ఓడలూ వచ్చాయి, ధరలు దిగొచ్చాయి, వాడి గిన్నెలూ అమ్ముడుపోయాయి. పైవాళ్ళు రాకూడదని కాదర్రా, రావాలి. తలుపు తీసే చెయ్యి మాత్రం మనదై ఉండాలి.

ఇహ కథ ఓడెక్కి కంచికెళ్ళింది, మనం దుప్పట్లోకి దూరదాం.