గానుగెద్దు అర్జీ

ఇప్పవాగు అడవిలో పుట్టినవాళ్ళకి ఒక చట్టం, వచ్చినవాళ్ళకి ఒక చట్టం. పుట్టినవాళ్ళు పెద్ద మడుగులో ఎప్పుడు పడితే అప్పుడు మూతి పెట్టొచ్చు. బయటినుంచి వచ్చినవాళ్ళు మాత్రం అయిదు వానాకాలాలు అడవి దాటకుండా ఉండాలి. ఉన్నట్టు ఆనవాలు చూపించాలి. ఏనుగు పెద్దమ్మ అడిగినవాటికి జవాబులు చెప్పి, నుదుట మడుగు మట్టితో బొట్టు పెట్టించుకోవాలి. బొట్టు పడితే అడవివాడు. పడకపోతే ఎండలు ముదిరేలోగా కొండ దాటి పోవాల్సిందే, ఎందుకంటే వేసవిలో మడుగు నీళ్ళు అందరికీ చాలవు. కొండ అవతల ఏముందంటే, రాళ్ళూ ముళ్ళూ, అవి దాటితే పశువుల సంతా.

ఆ ఏడు అర్జీ పెట్టుకున్నవాళ్ళలో చుక్కయ్య ఒకడు. నుదుట తెల్లచుక్క ఉన్న ముసలి ఎద్దు. పదకొండేళ్ళు నూతిపాడులో నువ్వుల గానుగ తిప్పాడు. పక్క ఊళ్ళో కరెంటు మర వచ్చాక గానుగ ఆగిపోయింది. యజమాని అప్పలస్వామి పొట్ట చేతబట్టుకుని పట్నం పోతూ, సంతకి తోలడానికి మనసొప్పక, అడవి అంచున పలుపు విప్పేశాడు. "పోయి బతుకు నాయనా" అని వీపు నిమిరి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. చుక్కయ్యే చాలాసేపు అటు చూస్తూ నిలబడ్డాడు.

అడవిలో ఆ అయిదు వానాకాలాలూ అతను ఎవరి జోలికీ పోలేదు. ఒక్క అలవాటు మాత్రం మానలేకపోయాడు. తెల్లారగానే లేచి, అడవి చివరనున్న ఇప్పచెట్టు చుట్టూ ఎండెక్కేదాకా తిరిగేవాడు. కోతులు కొమ్మలమీద కూర్చుని "మావా, ఎంతదాకా వచ్చావు?" అని వేళాకోళం చేసేవి. "ఇంకా ఉంది బాబూ" అనేవాడు.

అర్జీలు తీసుకునే గుమాస్తా కూర్మయ్య తాబేలు. చుక్కయ్య మొదటిసారి వెళితే, "టేకాకు ముదిరింది, లేతాకు మీద రాయించుకురా" అన్నాడు. లేతాకు తెస్తే, "ఇది వాడిపోతుంది, ముదురాకే మేలు" అన్నాడు. మూడోసారి వెళితే తల లోపలికి లాక్కుని నిద్రపోయాడు. నేనూ ఒకప్పుడు కాగితాలు చంకన పెట్టుకుని కిటికీల ముందు నిలబడ్డవాణ్ణే కనుక చెబుతున్నాను, ఆ కిటికీల వెనక ఎప్పుడూ ఒక కూర్మయ్య ఉంటాడు. చెడ్డవాడు కాదు, తొందర లేనివాడు.

తల వేలాడేసుకుని తిరిగొస్తున్న చుక్కయ్యకి జంబయ్య నక్క ఎదురైంది. ఎడమ చెవి కొంచెం చిరిగి ఉంటుంది, నోరు మాత్రం ఎక్కడా చిరగలేదు.

"దిగులెందుకు మావా? అర్జీలవాళ్ళని ఒడ్డెక్కించడమే కదా నా పని! కిందటేడు ఆ ముళ్ళపందికి బొట్టు పెట్టించిందెవరు? నేనే. నీకు జవాబులు కావాలి, ఈ అడవివాడైన సాక్షి కావాలి. జవాబులు నేను నేర్పుతాను. సాక్షినీ నేనే అవుతాను. మాది ఏడు తరాలనుంచీ ఈ అడవే."

"మరి నీకేటి ఇవ్వాలి బాబూ?"

"మనలో మనకి ఇవ్వడాలేమిటి! బొట్టు పడేదాకా నన్ను వీపు మీద తిప్పు చాలు. మోకాళ్ళు పట్టేస్తున్నాయి."

నక్క వినయం చూసి నమ్మనివాళ్ళు తక్కువ. చుక్కయ్య వంగాడు, జంబయ్య ఎక్కింది. నాలుగడుగులు వేశాక పైనుంచి అడిగింది.

"ఇంతకీ ఏ ఊరన్నావు?"

"నూతిపాడు."

వీపు మీదినుంచి ధబ్బుమని చప్పుడైంది. జంబయ్య కింద పడి, దుమ్ము దులుపుకుంటూ లేచింది.

"ఆ పేరెత్తకు!" అంది కంగారుగా. "నా దగ్గరే కాదు, ఎవరి దగ్గరా ఎత్తకు. పాత ఊరు ఇంకా మనసులో ఉందని పెద్దమ్మకి తెలిస్తే బొట్టు పెడుతుందా? అడిగితే ఏమనాలి? మరచిపోయానమ్మా, అనాలి. ఏదీ, అను."

"మరచిపోయానమ్మా" అన్నాడు చుక్కయ్య.

ఆ రోజునుంచి చదువు మొదలు. జంబయ్య వీపు మీద కూర్చుని అడిగేది, చుక్కయ్య నడుస్తూ చెప్పేవాడు.

"అడవికి వాగులెన్ని?"

"మూడు."

"పులి ఎదురైతే?"

"దారి ఇస్తాను."

"పులి వెళ్ళిపోయాక?"

"ఇంకో పులి ఉందేమో చూసుకుంటాను."

"భేష్. మొదటి సింహరాజు ఏ గుహలో పుట్టాడు?"

ఇక్కడ చుక్కయ్య తడబడేవాడు. దారిలో ఒక కుందేలుని అడిగితే, "వాగులు మూడా? నేను రెండే అనుకుంటున్నానే! గుహల సంగతి మా తాతకి కూడా తెలియదు" అని గెంతుకుంటూ పోయింది. అక్కడే పుట్టినవాళ్ళని ఎవరూ అడగరు, అందుకే వాళ్ళకి తెలియదు.

జంబయ్య ఇంకొకటి కూడా చెప్పింది. "ఆ చెట్టు చుట్టూ తిరగడం ఆపు. అది పరాయి అలవాటు. తిరిగిన చోటు కనబడకుండా ఆకులు కప్పేయి."

చుక్కయ్య ఆకులు నోటితో తెచ్చి కప్పాడు. మర్నాడు తెల్లారి లేస్తే కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి. చెట్టుదాకా వెళ్ళి, ఆకుల ముందు నిలబడి, వెనక్కి వచ్చేశాడు. నూనె తీస్తున్నప్పటి వాసన, అప్పలస్వామి భార్య నరసమ్మగారు దోసిటితో పెట్టే తెలకపిండి, సాయంత్రం కాడి దించగానే మెడ మీద పడే చల్లనీళ్ళు, అన్నీ ఆ రోజుల్లోనే ఎక్కువ గుర్తొచ్చాయి. మరచిపోవాలని కూర్చుంటే అంతే కదా.

కూర్మయ్య ఎట్టకేలకి అర్జీ పుచ్చుకున్నాడు, ఫాల్గుణంలో పిలుపొచ్చింది. మడుగు ఒడ్డున అడవంతా చేరింది. పెద్దమ్మ మధ్యన నిలబడింది. పక్కన రాయి మీద కూర్మయ్య అర్జీ పట్టుకుని కూర్చున్నాడు. జంబయ్య వీపు మీదినుంచి దర్జాగా దిగి, సాక్షి చోటున నిలబడింది.

"వాగులెన్ని నాయనా?" అడిగింది పెద్దమ్మ.

"మూడమ్మా."

"అడవికి ఆపదొస్తే కొమ్ము విసురుతావా?"

ఇది జంబయ్య నేర్పలేదు. చుక్కయ్య తనంతట తనే చెప్పాడు. "నాను ఎవర్నీ పొడవలేదమ్మా, చేతకాదు. కానీ నిలబడమంటే నిలబడతాను. కదలను."

పెద్దమ్మ చెవులు ఒకసారి ఊగాయి. "బాగుంది. ఇంతకుముందు ఏ ఊరు నీది?"

"మరచిపోయానమ్మా."

"మరచిపోయావా! పదకొండేళ్ళు పని చేశానని అర్జీలో రాయించావు. ఏం పని?"

"అది కూడా మరచిపోయానమ్మా."

"నాయనా, చిన్నప్పుడు మా మందతో ఏడు కొండలు దాటి వచ్చినదాన్ని నేను. ఏ లోయలో ఏ వెదురు తిన్నానో ఇప్పటికీ చెప్పగలను. నాతోనా మరచిపోయానంటావు?"

భయమేస్తే చుక్కయ్యకి తెలిసింది ఒక్కటే. కళ్ళు మూసుకుని నడవడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ చుట్టూ ఒక చుట్టు తిరిగాడు, రెండో చుట్టు మొదలెట్టాడు. కోతులు పొట్టలు పట్టుకున్నాయి.

"ఎక్కడికయ్యా ప్రయాణం?" అంది పెద్దమ్మ.

చుక్కయ్య ఆగిపోయాడు. ఇక దాచలేకపోయాడు.

"నూతిపాడమ్మా మా ఊరు. గానుగ తిప్పేవోణ్ణి. అబద్ధమాడినాను, తప్పయిపోయింది. కళ్ళకి గంతలు కట్టేవోరమ్మా. మొదట్లో ఎక్కడికో దూరం తీసుకెళ్తన్నారనుకున్నాను. రోజంతా నడిచి, సాయంత్రం గంతలు విప్పితే, ఎదురుగా మా దొడ్డే! ఇంత నడిచినా ఇంటికే చేరినాను గదా అని ఎంత సంబరపడేవోణ్ణో."

ఈసారి కోతులు నవ్వలేదు.

"ఊరు ఎలా ఉండేది?" పెద్దమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"చూసింది తక్కువమ్మా, ముక్కుతోనే తెలుసు. మా గానుగ అవతల వెంకన్న బెల్లం పొయ్యి ఉండేది. పాకం కాగినప్పుడు ఆ వాసనకి నా నడక దానంతటదే జోరయ్యేది. ఎడమచేతి వైపు, వేపచెట్టు కింద ఉండేదా పొయ్యి..."

"ఎడమా? వేపా?" సాక్షి చోటునుంచి గయ్యిమని లేచింది జంబయ్య. "నీ మొహం! కుడిచేతి వైపు మావా, చింతచెట్టు కింద! గంతలు కట్టుకున్నోడివి నీకేటి తెలుస్తాది? పెద్ద పెనం, ఓ పక్క సొట్ట. పాకం మీద తెట్టు గరిటెతో తీసి వెంకన్న దొడ్డి ఎనక పారబోసేవోడు. వేడిగా ఉన్నప్పుడే నాకాలి, ఆరితే రుచుండదు. ఓసారి తొందరపడి నాలిక కాల్చుకున్నాను. వెంకన్న పొయ్యిలోంచి మండే కొరకంచు తీసి ఇసిరినాడు, అదుగో, ఈ చెవికి తగిలింది. అయినా మళ్ళీ ఎళ్ళినాను. చెరకు తోటలోంచి చూస్తే ఆ మంట..."

జంబయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటికిగాని తను ఎక్కడుందో గుర్తు రాలేదు. కాలు జారితే తీసుకోగలంగానీ నోరు జారితే తీసుకోలేమంటారు.

"ఏడు తరాలనుంచీ ఈ అడవే కదూ?" అంది పెద్దమ్మ.

జంబయ్య తోక కాళ్ళ మధ్యకి పోయింది. "తోటలు కొట్టి ఇళ్ళస్థలాలు వేశారమ్మా. ఎనిమిదేళ్ళ కిందట వచ్చాను. ఇక్కడి నక్కల్లాగే ఉన్నానని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు."

చుక్కయ్య మెల్లగా అన్నాడు, "మరి నన్నెందుకు మరచిపోమన్నావు బాబూ? నాది బయటపడితే నీదీ బయటపడుతుందనా?"

"అదీ ఉంది మావా" అంది నక్క నేలచూపులు చూస్తూ. "నువ్వు గుర్తు చేసుకుంటే నాకూ గుర్తొస్తుందని అంతకంటే భయం."

కూర్మయ్య గొంతు సవరించుకున్నాడు. "సాక్షి దొంగసాక్షి. సాక్షి పోయాక ఆనవాలేదీ? అర్జీ కొట్టేయక తప్పదు."

చుక్కయ్య కొండవైపు చూశాడు. దాని అవతలి సంతలో పళ్ళు లెక్కపెట్టి, వయసు కట్టి, తాడు మార్చే చేతులు అతను ఎరుగును. "ఇప్పచెట్టు చుట్టూ తిరిగేవోణ్ణమ్మా, రోజూ. నా దగ్గర ఇంకేటీ లేదు. అదీ ఆకులతో కప్పేసినాను" అన్నాడు.

"పదండి" అంది పెద్దమ్మ.

అడవంతా ఇప్పచెట్టు దగ్గరికి నడిచింది. ఇన్నాళ్ళూ ఎద్దెక్కి ఊరేగిన జంబయ్య అందరికంటే వెనక కాలినడకన వచ్చింది. పెద్దమ్మ తొండంతో ఆకులు ఊడ్చింది. చెట్టు చుట్టూ నున్నగా, గుండ్రంగా, నేలలోకి దిగిపోయిన దారి బయటపడింది.

"దగ్గరగా చూడాలి" అని కూర్మయ్య అంచుకి వెళ్ళి తొంగిచూశాడు. దొర్లి లోపల పడ్డాడు. ఎక్కబోయాడు, జారాడు. మళ్ళీ ఎక్కబోయాడు, మళ్ళీ జారాడు. చివరికి పెద్దమ్మే తొండంతో తీసి గట్టున పెట్టాల్సి వచ్చింది.

"ఎంత లోతుందయ్యా గుమాస్తా?"

"చాలినంత ఉందమ్మా" అన్నాడు కూర్మయ్య ఆయాసపడుతూ. "ఒక్క వానలో అరిగేది కాదు. అయిదు వానలకి ఎక్కువేగానీ తక్కువ కాదు."

పెద్దమ్మ మడుగునుంచి తెచ్చిన మట్టిని చుక్కయ్య నుదుట తెల్లచుక్క మీద అద్దింది. "మడుగు నీళ్ళు తాగేవాడు మడుగుని కాయాలి. ఇదొక్కటే ప్రమాణం. ఉన్న ఊరిని మరచిపోమని ఏ చట్టంలోనూ లేదు. రేపటినుంచి నీ నడక నువ్వు నడువు."

చుక్కయ్యకి గంతలు విప్పిన సాయంత్రం లాగానే ఉంది.

జంబయ్యకి కూడా చట్టం చట్టమే. "మూడు రోజుల్లో కొండ దాటు. తొలకరికి తిరిగిరా. ఆ రోజునుంచి అయిదు వానలు లెక్క. అప్పుడు అర్జీ పెట్టుకో, సాక్షి దొరికితే చూద్దాం" అంది పెద్దమ్మ.

"నాకెవరు చెబుతారమ్మా సాక్ష్యం?"

"నాను చెబుతాను" అన్నాడు చుక్కయ్య. "ఇకనుంచి నాను ఈ అడవివోణ్ణే గదా."

ఆ మూడు రోజులూ నక్క ఇప్పచెట్టు దగ్గరే ఉంది. చుక్కయ్య కళ్ళు మూసుకుని తిరుగుతుంటే పక్కనే నడిచింది. వీపెక్కమన్నా ఎక్కలేదు.

"మా దొడ్డి గోడ ఎలా ఉండేది బాబూ, నాను పని చేసేటప్పుడు?"

"గోడ మీద గుమ్మడితీగ మావా. పసుపు పూలు. నరసమ్మగారు పక్కన చేరి నీ మీద ఈగలు తోలుతూనే ఉండేది."

"గాలి అనుకున్నాను" అన్నాడు చుక్కయ్య, కళ్ళు తెరవకుండానే.

మూడో రోజు ఎండ దిగకముందే జంబయ్య కొండెక్కింది. సగం దూరం వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. మడుగు కనిపించింది, అందులో చుక్కయ్య మూతి పెట్టి తాగుతున్నాడు. నక్క తన పొడి నాలికతో చిరిగిన చెవిని తడుముకోబోయింది, అందలేదు, ముందుకి నడిచింది.

వచ్చిన దారిని దాచుకున్నవాడికి, చేరిన చోటు సొంతం కాదు.