సింగడికి పెట్టిన మూడు లేహ్యాలు

అనగనగా, మన తాతల తాతలు కూడా పుట్టని కాలాన, భద్రవర్మ అనే రాజు ఉండేవాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడే అయితే ఈ కథ ఇంత చేదుగా ఉండేది కాదు. ఆకలి అన్న మాట వింటే చాలు, కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

కోట చెరువులో చేపలకూ, రాజు ముద్దుగా పెంచుకునే వేటకుక్క పిల్ల సింగడికీ మేత చూసేది పోలమ్మ. చిల్లుల సంచిలో తవుడు పోసి, గెడకు కట్టి నీళ్ళలో వేలాడదీసేది. సాయంత్రం పైకి లాగి చూసేది. తవుడు మిగిలిందా, మర్నాడు తగ్గించేది. మబ్బు పట్టిన రోజు సంచి కట్టేదే కాదు.

ఒకసారి మూడు రోజులు ముసురు పట్టింది. మూడోనాడు పొద్దున్నే రాజు గట్టు మీదికి వచ్చాడు. చేపలన్నీ పైకి తేలి, నోళ్ళు తెరిచి మూస్తున్నాయి.

"అయ్యయ్యో! ఆకలితో నోళ్ళు తెరుస్తున్నాయే!" అన్నాడు.

"ఆకలి కాదు మహారాజా, ఊపిరాడక. ముసురుకి నీళ్ళలో గాలి తగ్గిపోద్ది. ఇప్పుడు మేత వేస్తే నీళ్ళు మురిగి చచ్చిపోతాయి," అంది పోలమ్మ.

"నోరు తెరిచిన ప్రాణికి తిండి పెట్టొద్దంటావా? నీది గుండా, బండా?" అని రాజు బుట్టలకొద్దీ తవుడు గుమ్మరించాడు. మర్నాటికి చెరువు నిండా తెల్లటి పొట్టలే.

ఇక బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? ఆ, వస్తుంది! "ఈ పోలమ్మ రెండు రోజులు పస్తు పెట్టబట్టే చచ్చాయి," అన్నాడు రాజు. కొలువంతా అవునవునంది. కొలువు ఉన్నదే అందుకు కదా.

"నా సింగడికి మాత్రం లోటు రానివ్వను," అని రాజు, వైద్యుడు కుప్పన్నను పిలిపించాడు. పోలమ్మ పెట్టే రాగిసంకటి, మాంసం ముక్క చూసి కుప్పన్న ముక్కు చిట్లించాడు. "రాచకుక్కకి ఇదా తిండి?" అని మొదటి లేహ్యం ఇచ్చాడు. బొచ్చు నిగనిగలాడింది, సంకటి మీద మాత్రం రుచి పోయింది. రాజు మురిసిపోయి కుప్పన్నకు శాలువా కప్పాడు.

రెండోది ఎముక బలానికట. నిండా ముత్యపుచిప్పల సున్నం. పెరిగే పిల్ల, నెల తిరక్కుండానే ముందరి కాళ్ళు వంకరపోయాయి.

"సున్నం ఎక్కువైంది," అంది పోలమ్మ.

"చాలకే," అని కుప్పన్న రెట్టింపు చేశాడు.

సింగడు కుంటుకుంటూ వచ్చి పోలమ్మ ఒడిలో తల పెట్టాడు. "అవ్వా, నాకు పరిగెత్తాలని ఉందే," అన్నాడు.

పోలమ్మ ఏడుస్తూ రాజు కాళ్ళ మీద పడింది. "మూడు రోజులు, మూడే రోజులు ఆ మందులు ఆపండి మహారాజా. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోతోంది. పసివాడు చచ్చిపోతాడు."

"చేపల్ని మాడ్చి చంపింది చాలక వీడినీ మాడుస్తావా? పో అవతలికి!" అని కోట బయటికి గెంటించాడు.

ఇక మూడో లేహ్యం, సత్తువకు. సింగడు మొహం తిప్పుకున్నాడు. రాజు పక్కన కూర్చుని, తల నిమురుతూ, "నా బంగారం, నా కోసం" అంటూ తన వేలితో పెట్టాడు. అది రాజు చెయ్యి కదా, పాపం నాకాడు. మర్నాడు లేవలేదు.

కుప్పన్న అప్పటికే శాలువాతో సహా పక్క రాజ్యం చేరాడు. అక్కడా కుక్కలున్నాయి మరి.

రాజు పోలమ్మను చెరువు గట్టుకి పిలిపించి, చచ్చిన పిల్లను ఒళ్ళో పెట్టుకుని భోరుమన్నాడు. "నేనేం తక్కువ చేశానే?"

"తక్కువేం చేయలేదు దొరా. చేపలు గాలి అడిగితే తవుడు పోశారు. వీడు పరుగు అడిగితే లేహ్యం పెట్టారు. పెట్టాలని మీకుంది, పెట్టారు. వీళ్ళకేం కావాలో ఒక్కనాడన్నా చూశారా?"

రాజు తల వంచుకున్నాడు. "తప్పు నాదే. మళ్ళీ కొలువులోకి రా. మేతలన్నీ నీ ఇష్టం."

పోలమ్మ ఖాళీ చెరువు వంక చూసింది. "దేనికి పెట్టమంటారు దొరా?" అని, పిల్లను అందుకుని గొయ్యి తవ్వడానికి వెళ్ళిపోయింది.

కాబట్టి పిల్లలూ, ఎదుటి ప్రాణి అవసరం చూడక తన తృప్తి కోసం పెట్టే చెయ్యి, ఏమీ పెట్టని చెయ్యి కన్నా పాపిష్ఠిది.