కడలిపువ్వుల నడుమ ఖాళీ జాగా

ఒకప్పుడు కడలిపువ్వులన్నీ ఒకే రాతిమీద ఒకదాన్నొకటి ఒరుసుకుని బతికేవి. పేరుకే పువ్వులు, నిజానికవి జంతువులు. రేకుల్లా కనిపించేవి వాటి చేతులు.

అవన్నీ తమ గుడ్లను కెరటానికి అప్పగించేవి. కెరటం అందరి గుడ్లనూ కలగలిపి, పుట్టిన పిల్లల్ని దూరదూరపు రాళ్లకు చేర్చేది.

ఆ రాతిమీద పచ్చటి నూకాలు, ఎర్రటి బంగారి ఇరుగుపొరుగు. ఒకనాడు కెరటం ఎక్కడెక్కడి పిల్లల్నో తెచ్చి బంగారి చుట్టూ దింపింది. ఊదావి, పసుపువి, చారలవి, చుక్కలవి! అటు పోతున్న చేపలన్నీ ఆగాయి.

"బంగారమ్మా, నీ వాకిలి ఎంత కళగా ఉందో!"

ఆ మాట విన్న నూకాలుకు కడుపు మండిపోయింది. "మరి నా పిల్లలేరీ?" అని కెరటాన్ని నిలదీసింది.

"అవతలి రాళ్లమీద హాయిగా ఉన్నారు తల్లీ."

"నా పిల్లలు ఎవరి వాకిట్లోనో ఉండాలి, ఊళ్లోవాళ్ల పిల్లలు దాని వాకిట్లో ఆడాలా? ఇకమీద నీకొక్క గుడ్డు కూడా ఇవ్వను. నా బిడ్డల్లో ఇంకొకరి పోలిక ఉండకూడదు!"

అంటూనే రాతిని గట్టిగా పట్టుకుని, తన ఒంటిని అటూ ఇటూ లాగింది. నడిమికి చీలి ఇద్దరయింది! అదే పచ్చ, అదే మొహం. ఇద్దరు నలుగురయ్యారు. చూస్తూండగానే సగం రాతినిండా నూకాళ్లే.

ఓ రోజు బంగారి దగ్గరున్న చారల పిల్ల ఆడుకుంటూ ఇటు చెయ్యి చాపింది. నూకాళ్లందరూ కలిసి తమ విషపు చేతులతో దాన్ని చురుక్కుమని కుట్టారు.

"పసిదాన్ని కుట్టడానికి చేతులెలా వచ్చాయి వదినా?" బంగారి ఏడుస్తూ పిల్లల్ని తీసుకుని వెనక్కి జరిగిపోయింది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. రాతి గుంటల్లో నీళ్లు కాగిపోయాయి. బంగారి పిల్లల్లో కొందరు వాడిపోయారు, కొందరు తట్టుకున్నారు. ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో తీరు మరి. నూకాళ్లదంతా ఒకటే ఒళ్లు. ఒకరికి పడని వేడి ఎవరికీ పడలేదు. అందరూ పాలిపోయి రాలిపోయారు. రాతి నీడనున్న నూకాలు ఒక్కతే మిగిలింది.

కెరటం మెల్లగా వచ్చి అడిగింది. "గుడ్లు ఇస్తావా తల్లీ? బంగారివాటితో కలుస్తాయి, చెబుతున్నా."

నూకాలు మొహం తిప్పుకుని అంది: "తీసుకుపో. దాని పక్కన కూర్చోమని మాత్రం నన్నడక్కు."

అప్పటినుంచే కడలిపువ్వులు తమను తాము చీల్చుకుని పెరిగినా, గుడ్లను కూడా కెరటానికి ఇస్తూ ఉంటాయి. కానీ రెండు గుంపుల నడుమ ఇంత మేర రాయి బోసిగానే ఉంటుంది. ఈనాటికీ అక్కడ ఎవరూ కూర్చోరు.