కోపం నేర్చిన తేనెటీగలు

అనగనగనగా, మీ తాతల తాతలకు ఇంకా పాలపళ్ళు ఊడని కాలంలో, తుమ్మలగట్టు అనే ఊళ్ళో సూరిశెట్టి అనే వర్తకుడు ఉండేవాడు. మిరియాలూ ఏలకులూ అమ్మి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాడు. వయసు మళ్ళాక దుకాణం కొడుక్కి అప్పగించి, తాను పెరట్లోకి చేరాడు.

పెరడంటే అలాంటిలాంటి పెరడు కాదు. పందిరి నిండా పొట్లకాయలు. వంకర పోకుండా ఒక్కొక్కదాని కొసకూ చిన్న రాయి కట్టేవాడు శెట్టి. బావి చుట్టూ కనకాంబరాలు, గోడవారన జామచెట్టు. పెరటి తలుపు దాటగానే కుడిపక్క గోడలో ఏడు గూళ్ళు, ఏడు గూళ్ళలో ఏడు మట్టికుండలు. ఒక్కో కుండకు బొటనవేలు పట్టేంత బెజ్జం. ఆ బెజ్జాల్లోంచి తేనెటీగలు పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా వస్తూ పోతూ ఉండేవి.

మనవరాలు తాయారుకు ఆరేళ్ళు. కుండకు చెవి ఆనించి వాటి పాట వినేది. ఒక్క ఈగ కూడా దాన్ని కుట్టి ఎరగదు.

ఇంత సుఖంలోనూ శెట్టికి ఒకటే జబ్బు. భయం. ఆకు రాలితే దొంగ, కుక్క మొరిగితే దొంగ, పక్కింటాయన దగ్గితే దొంగ.

ఒకనాటి ఉదయం చూస్తే ఒక కుండ మూత కింద పడి ఉంది. తేనెపట్టు సగం లేదు. పిల్లలూ, మీకు మాత్రం చెబుతాను, శెట్టితో అనకండి. అది ఒక కుంటి కోతి పని. జామకాయల కోసం వచ్చి, మూత తీసి, మూతి వాచిపోయి, మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు. శెట్టికి ఆ సంగతి తెలియదు కదా! "దొంగలు పడ్డారు! ఇవాళ తేనె, రేపు నగలు, ఎల్లుండి ప్రాణాలు!" అని గుండెలు బాదుకున్నాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా?

మొదట గోడ మీద ముళ్ళకంప వేయించాడు. భయం తగ్గలేదు. తర్వాత పెరటి తలుపుకు రెండు గడియలు పెట్టించాడు. అయినా తగ్గలేదు. మూడోసారి అతనికొక పాడు ఆలోచన వచ్చింది.

"ఈ ఈగలు నా గోడలో కాపురముంటున్నాయి. నా సొత్తు కాయొద్దూ? కాస్త కోపం నేర్పితే సరి!"

పొడుగాటి వెదురుకర్ర తెచ్చి, కొసకు నల్ల గొంగళి ముక్క కట్టాడు. రోజూ పొద్దున్నే తలుపు సందులోంచి కర్ర చాపి కుండల మీద టకటకా కొట్టేవాడు. గొంగళిని అటూ ఇటూ ఊపేవాడు. ఈగలు లేవగానే కర్ర లోపలికి లాక్కుని తలుపు మూసేవాడు.

కుండ లోపల ఏం జరిగిందో కూడా వినండి. మొదటిరోజు ఒక పిల్ల ఈగ వణుకుతూ రాణి ఈగను అడిగింది.

"అమ్మా, ఆ నల్లటిది ఏమిటి?"

"తెలియదు బిడ్డా. మన ఇల్లు కూల్చడానికి వచ్చింది."

"మనమేం చెయ్యాలి?"

"కుట్టాలి. కుట్టిన ఈగ బతకదు. అయినా కుట్టాలి."

ఆ రోజు ముప్పై ఈగలు గొంగళిలో ముల్లు విడిచి నేల రాలాయి. రాణి ఈగ ఏడ్చింది. మర్నాడు మళ్ళీ టకటక. ఆ మర్నాడూ టకటక. నెల తిరిగేసరికి కుండల్లో పాట ఆగిపోయి, గుర్రుమనే చప్పుడొకటి మొదలైంది.

తాయారు కుండల దగ్గరికి పోవడం మానేసింది. "తాతయ్యా, అవి మనల్ని తిడుతున్నాయి" అంది.

"మనల్ని కాదే పిచ్చిదానా, దొంగల్ని" అన్నాడు శెట్టి.

ఒకరోజు కొండమీది గూడెం నుంచి సింగమ్మ వచ్చింది. ఆ ఈగల్ని కుండల్లోకి ఎక్కించి శెట్టికి ఇచ్చింది ఆమే. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఏంది శెట్టిగారూ ఈ సప్పుడు? నా ఈగలు ఇట్టా అరవవే. ఏం జేశావు వాటిని?"

శెట్టి మీసం దువ్వుకుంటూ తన తెలివంతా చెప్పాడు. సింగమ్మ ముఖం పాలిపోయింది.

"ఈగకి మొకాలు తెలవ్వయ్యా. ఈడు దొంగ, ఈడు దొర అని దానికి లేదు. నల్లగా ఉంటే సాలు, కదిల్తే సాలు. నువ్వు దానికి దొంగని సూపించలా, మనిషిని సూపించావు. ఆ కర్ర ఇరిసి పొయ్యిలో పెట్టు. నెల్రోజులు వాటి జోలికి పోమాక, సల్లబడతాయి."

"నా ఇల్లు, నా ఈగలు. నీకెందుకు?" అని ఆమెను పంపేశాడు.

మూడో రోజున పాలు పితికే కొండయ్య పెరట్లోకి వచ్చాడు. దోమలు తోలుకుందామని భుజం మీది తువ్వాలు ఒక్కసారి విదిలించాడు. అంతే! ఏడు కుండల్లోంచీ ఈగలు పొగలా లేచాయి. చెంబు అక్కడే పారేసి, కొండయ్య కేకలు పెడుతూ కాలవ దాకా పరుగెత్తి నీళ్ళలో దూకాడు. ముఖం గుమ్మడికాయంత అయింది. శెట్టి మాత్రం, "వాడి చూపులు నాకెప్పుడూ నచ్చలేదు" అన్నాడు. లోలోపల సంతోషించాడు కూడా, సిగ్గులేనివాడు.

ఆ వారంలోనే బావి దగ్గర కట్టేసిన నల్లదూడ తోక ఆడించింది. దానికి పరుగెత్తడానికి వీల్లేదు, మెడకు తాడుంది. మధ్యాహ్నానికి దూడ ఇక లేవలేదు. తల్లి ఆవు మూడు రోజులు గడ్డి ముట్టలేదు.

అప్పుడు వణికాడు సూరిశెట్టి. కర్ర విరిచి పొయ్యిలో పెట్టాడు. కానీ కోపం నేర్పినంత తేలిగ్గా మరిపించగలమా? కిటికీలకు తడిగోనెలు కట్టారు. బావి పెరట్లో ఉండిపోయింది, నీళ్ళు పక్కింటి నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. పొట్లకాయలు పందిరి మీదే పండి పగిలిపోయాయి. ఇంట్లో అందరూ గుసగుసగా మాట్లాడుకునేవారు. ఆ ఇంటికి దొంగలు రాలేదు, చుట్టాలూ రాలేదు.

"ఏమండీ, సింగమ్మను పిలిపించండి. మీ కాళ్ళకు దణ్ణం పెడతాను" అంది భార్య వెంకాయమ్మ.

"పిలిస్తే ఇదంతా నేను చేసిందేనని ఊరందరికీ తెలిసిపోతుంది. కాస్త ఆగు" అన్నాడు శెట్టి.

శుక్రవారం వచ్చింది. వెంకాయమ్మ తాయారుకు తలంటి, నల్లటి జుట్టు నడుము దాకా విరబోసి, సాంబ్రాణి పొగ వేద్దామని మూకుట్లో నిప్పులు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది. పిల్లకు ఆరోజు బొమ్మపెళ్ళి. పెళ్ళికూతురికి కనకాంబరాలు కావాలి. పీట వేసుకుని రెండు గడియలూ తీసింది.

"తాతయ్యా!"

ఆ కేక విని శెట్టి గుమ్మం దగ్గరికి ఉరికాడు. బావి పక్కన తాయారు మోకాళ్ళ మధ్య తల దూర్చి ముడుచుకుని ఉంది. విరబోసిన జుట్టు గాలికి కదులుతోంది. కుండల మీద ఈగలు లేస్తున్నాయి. కొన్ని అప్పటికే పిల్ల నెత్తి మీద తిరుగుతున్నాయి.

నిప్పుల మూకుడుతోనే వంటింట్లోంచి వచ్చిన వెంకాయమ్మ గుమ్మం దాటబోయింది. శెట్టి ఆమె చెయ్యి పట్టి లాగాడు.

"పరుగెత్తకు! మనం పరుగెత్తితే దాన్ని చంపేస్తాయి! తాయారూ, కదలకు తల్లీ. నేనొస్తున్నా."

భార్య చేతిలోని నిప్పుల మూకుడు అందుకుని, సాంబ్రాణి అంతా అందులో పోశాడు. తెల్లటి పైపంచె భుజాన వేసుకున్నాడు. గడప మీద నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ తాను భయపడ్డది ఉత్తుత్తి భయమని, అసలు భయం ఇదని అప్పుడు తెలిసింది.

మొదటి అడుగుకు ఒక ఈగ చెవి మీద కుట్టింది. చెయ్యి దానంతటదే లేచింది. పళ్ళు బిగించి దించేశాడు. కుండల పక్కకు వచ్చేసరికి మెడ మీద, పెదవి మీద, ఎడమ కంటిరెప్ప మీద కుట్టాయి. కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా ఊపలేదు, ఉరకలేదు. నిద్రలో నడిచేవాడిలా మెల్లగా నడుస్తూ, గొంతెత్తి అన్నాడు.

"ఆ కర్ర పట్టుకున్నది నేనే! మీ ఇల్లు కొట్టిన దొంగను నేనే! నన్ను కుట్టండి. పసిదాన్ని వదిలెయ్యండి తల్లుల్లారా!"

కేకలకు గోడ అవతల పోగైన జనమంతా ఆ మాట విన్నారు.

సాంబ్రాణి పొగ కుండల మీదికి పాకింది. లోపల ఒక ఈగ అంది, "అమ్మా, ఇది నల్లగా లేదు, ఊగడమూ లేదు."

"అయితే ఆగండి" అంది రాణి ఈగ. "ఇప్పటికే చాలామంది చచ్చిపోయారు."

శెట్టి తాయారును పంచెలో చుట్టి ఎత్తుకున్నాడు. వెళ్ళినంత మెల్లగానే తిరిగి వచ్చాడు. తలుపు మూసుకోగానే కూలిపోయాడు.

పిల్ల ఒంటి మీద నాలుగు కాట్లే ఉన్నాయి. శెట్టి మాత్రం తొమ్మిది రోజులు జ్వరంతో మూలిగాడు. ఎడమ కన్ను పోయింది. లేవగానే కొండయ్య ఇంటికి వెళ్ళి నలుగురిలో తప్పు ఒప్పుకున్నాడు. సింగమ్మకు కబురు పెట్టాడు. ఆమె పొద్దు వాలాక ఏడు కుండలకూ గుడ్డలు కట్టి బండిలో పెట్టుకుంది.

"మళ్ళీ ఎప్పుడిస్తావమ్మా?" అన్నాడు శెట్టి.

"నీ మనవరాలు బయపడకుండా పెరట్లోకి ఎల్లిన్నాడు కబురంపు. నేనే తెచ్చిస్తా" అంది సింగమ్మ.

ఆరునెలలు గడిచాయి. ఏడాది గడిచింది. గోడ మీది ముళ్ళకంప శెట్టి ఎప్పుడో తీసేశాడు. గడియలూ పీకేశాడు. రోజూ పొద్దున్నే గడప మీద కూర్చుని, తాయారు చెయ్యి పట్టుకుని, "రా తల్లీ, ఒక్క అడుగు. నేనున్నానుగా" అంటాడు. తాయారు ఒంటికంటి తాతను చూస్తుంది, ఖాళీ గూళ్ళను చూస్తుంది, చెయ్యి విడిపించుకుని లోపలికి పోతుంది.

కాబట్టి పిల్లలూ, మీ వెనకాల కూర్చున్న పెద్దలూ వినండి: భయాన్ని కాపలా పెట్టుకున్న ఇంట్లో దొంగ భద్రంగానే ఉంటాడు, కాటు ఇంటి బిడ్డకు పడుతుంది.