అడవిలో తిండి దండోరా

ఆ ఏడు ఎండలకి బీరకొండ అడవిలో పచ్చిక మాడిపోయి పిల్లలన్నీ బక్కచిక్కిపోయాయి. జింక చిగుళ్లు పెట్టమంది, కోతి పళ్లు పెట్టమంది. నోరున్న ప్రతివాడూ వైద్యుడైపోయేసరికి, అడవికి పెద్దదిక్కయిన ఏనుగు విసిగిపోయింది. పిల్లలు ఏం తినాలో బాగా విచారించి చెబితే అడవంతా దండోరా వేయిస్తానని, ఆ పని తాబేలుకి అప్పగించింది.

తాబేలు గడప గడపకీ తిరిగింది. ఏ పిల్ల ఏం తిన్నది, తిన్నాక ఎలా ఉందని అడిగింది. నెల పోయాక వెళ్లి మళ్లీ అవే అడిగింది. అందరికీ ఒళ్లు మండింది. నిజం చెప్పొద్దూ, నాకైనా మండేది.

అదను చూసుకుని నక్క దిగింది. మాంసం మానేశానని ఏడాదిగా చెప్పుకుంటోందది. తన గుహ పక్క గరిక మేస్తే చాలు, పిల్లలకి ఎక్కడలేని బలం వస్తుందంది. తల్లులు వెంట వస్తే పిల్లలు సరిగా మేయరు కాబట్టి ఒంటరిగానే పంపాలంది. కొందరు తల్లులు అప్పటికే పంపారు. పిల్ల తిరిగి రాలేదేమని అడిగితే, ఒంట్లో సత్తువ చేరి కొండ దాటేసిందని చెప్పేది.

దండోరా సంగతి తేల్చడానికి ఏనుగు పిలిచిన సభ నాడు నక్క మూడు బొద్దు కుందేలు పిల్లల్ని తెచ్చి నిలబెట్టింది.

"కళ్లెదుట కనబడుతుంటే ఇంకా విచారణేమిటత్తా? ఆలస్యం అమృతం విషం. దండోరా వేయించు" అంది.

ఏనుగు తల ఊపబోయింది. పెద్దపిల్ల కొండ దాటిందని నమ్మిన తల్లి కుందేలు, ఉన్న ఒక్క చిన్నదాన్నీ పంపడానికి లేచింది.

తాబేలు అడ్డు నిలిచి, "ఈ ముగ్గురూ బాగున్నారు, సంతోషం. మొత్తం ఎంతమంది వచ్చారు బావా?" అని అడిగింది.

ఇంటికొచ్చిన పిల్లల్ని లెక్కపెట్టడం తనకి అలవాటు లేదంది నక్క.

"నాకుంది. పదకొండుమంది వచ్చారు. మిగతా ఎనిమిదిమందీ కొండ దాటారన్నావని ఆ కొండా ఎక్కి దిగొచ్చాను. అందుకే ఇన్నాళ్లు పట్టింది. అవతల ఒక్క పిల్లా లేదు."

ఏనుగు ఇద్దర్నీ నోరు తెరవమంది. ఆ అడవిలో ఒక పాత కట్టుబాటుంది. తిండి గురించి సలహా చెప్పేవాళ్లు ముందు సభలో నోరు తెరిచి చూపించాలి. తాబేలు తన బోసినోరు తెరిచి చూపించింది. నక్క మాత్రం పంటినొప్పి అంది. ఏనుగు ఒక్కడుగు ముందుకేసేసరికి నొప్పి తగ్గిపోయి నోరు తెరుచుకుంది. పళ్ల సందున తెల్లటి కుందేలు బొచ్చు.

తల్లి కుందేలు పెద్దపిల్ల కోసం గుండె పగిలేలా ఏడ్చింది. ఆ ఏడుపు ఆగకముందే అడవంతా కలిసి నక్కని కొండ దాటేదాకా తరిమింది. సాక్ష్యానికని మేపిన ఆ ముగ్గురే ముందు పరిగెత్తారు.

మర్నాడు దండోరా పడింది: చిగురూ, పండూ, దుంపా అన్నీ కలిపి తినండి, ఒక్కదాన్నే నమ్ముకోకండి, వచ్చే ఏడు మళ్లీ విచారించి, తప్పుంటే దిద్దుకుందాం. తొలకరి నాటికి పిల్లలు గంతులేస్తుంటే ఏనుగు తాబేలుని వీపు మీదెక్కించుకుని అడవంతా ఊరేగించింది. అందరికంటే ముందు గంతులేసింది ఆ చిన్న కుందేలే.

ఏం తినాలో చెప్పేవాడు, తానేం తింటున్నాడో ముందు చూపించాలి.