బందెలదొడ్డి వెనకగోడ

వీరభద్రం పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ కాదన్న పాపాన పోలేదు. "గొప్పలు చెప్పుకోవడం నా వల్ల కాదు గానీ..." అని మొదలుపెట్టి, ఈ ఒక్క గొప్పనీ పూటకోసారి చెప్పుకునేవాడు. ఎవరేమన్నా తల పైకీ కిందికీ ఆడించి "నిజమే, నిజమే" అనేవాడు. అది మర్యాద అని ఆయన నమ్మకం. అసలు సంగతేమిటంటే వీరభద్రం తొండ. తొండ మెడ ఆడేదే ఆ ఒక్క తీరున. అయినా చేతకానితనానికి మంచితనమని పేరు పెట్టుకోవడం లోకంలో తొండలతో మొదలు కాలేదు, తొండలతో ఆగిపోదు.

ఆయన కాపురం జంటచేలో, కంచె మీద. జంటచేను మనుషులు ఎప్పుడో వదిలేసి పోయిన పొలం. జంతువులే ఏలుకుంటున్నాయి. కంచెకు ఎగువన మెరక, అది మేకలది. దిగువన పల్లం, అది పొట్టేళ్లది. పొలం రెండు చెక్కలైనా పెద్దరికం మాత్రం ఒకటే. ఏటేటా అందరూ కలిసి ఒకరిని పెద్దగా ఎన్నుకునేవారు, ఆ ఏడాదంతా కలిసి తిట్టుకునేవారు.

పల్లంలో నువ్వుల గానుగ ఒకటుంది. దాన్ని తిప్పేది ఎడ్లు. ముక్కుకు తాడు, మెడ మీద కాడి, కళ్లకు గంతలు. పొద్దున నడక మొదలుపెడితే పొద్దుగూకేదాకా నడవాలి. ఎంత నడిచినా ఎక్కడికీ చేరరు. వాళ్లు తీసిన నూనె పొట్టేళ్లు కొమ్ములకు రాసుకుని మెరిపించుకునేవి. మిగిలిన తెలకపిండి కంచె దాటి మేకలకు వచ్చేది. మేకలు దాన్ని నోటినిండా కుక్కుకుని "పాపం, ఎడ్ల బతుకేం బతుకమ్మా!" అని జాలిపడేవి. కింద పడిన పిండికి పట్టిన చీమలు కంచె ఎక్కేవి. ఆ చీమలే వీరభద్రం భోజనం. అంచేత గానుగ న్యాయమా అన్యాయమా అని ఎవరైనా అడిగితే, తినేటప్పుడు మాట్లాడకూడదని ఆయన ఊరుకునేవాడు.

ఏ ఎద్దయినా తాడు తెంపుకుని కంచె దాటిందంటే దానికో పద్ధతి ఉంది. మేకలు పట్టుకుని బందెలదొడ్లో పెట్టాలి. ఈ ఎద్దు ఎవరిదో వీరభద్రం సాక్ష్యం చెప్పాలి. పొట్టేళ్లు వచ్చి తోలుకుపోవాలి. కంచెకు తొండ సాక్షి, తొండకు కంచె సాక్షి అని ఊరికే అన్నారా! ఆ దొడ్డి కంచె వరసలోనే ఉంది. దాని గేటు పల్లం వైపు. మట్టితో మెత్తిన వెనకగోడ మెరక వైపు.

ఆ ఏడు పెద్దరికం మేక నీలమ్మకు వచ్చింది. నీలమ్మ నోరు పెద్దది, మనసు మంచిది, ధైర్యం మధ్యరకం. "ఉన్న గానుగ సంగతి నేనెత్తను. కొత్త గానుగ మాత్రం వెయ్యనివ్వను" అంది. ఆ మాత్రానికే పల్లం భగ్గుమంది. పల్లానికి పెద్ద పొట్టేలు దొర. "మేక మాట మేం వినడమా? ఇవాళ్టి నుంచి పల్లం వేరు, మెరక వేరు" అని చాటింపు వేయించాడు. ఆ గందరగోళంలో చుక్కన్న అనే ఎద్దు, ఇంకో నాలుగైదు ఎడ్లను వెంటేసుకుని పారిపోయాడు. మేకలు అలవాటు కొద్దీ పట్టుకుని అలవాటు కొద్దీ దొడ్లో పెట్టాయి.

తెల్లవారగానే దొడ్లోంచి పిలుపు వచ్చింది.

"వీరభద్రయ్యా, నిద్ర లేచావా?"

"లేచాను నాయనా. ఏమిటి చుక్కన్నా, ఇలా వచ్చావు?"

"చుట్టపుచూపుగా వచ్చాను. కనిపించట్లేదూ? పారిపోయి పట్టుబడ్డాను."

"నిజమే, నిజమే."

"దొర ఏమన్నాడో విన్నావు కదా. ఈసారి దొరికితే గంతలు కట్టడట, రెప్పలకు కలిపి కుట్టించేస్తాడట. ఇక నాకు పగలన్నది ఉండదు."

వీరభద్రం గొంతులో చీమ అడ్డం పడింది. ఇంతవరకూ ఏ ఎద్దు మాటా ఆయన గొంతు దాకా రాలేదు.

"పొద్దెక్కాక నిన్ను సాక్ష్యం అడుగుతారు" అన్నాడు చుక్కన్న. "ఈ ఎద్దు దొరది కాదు అని ఒక్క మాట చెప్పు. చాలు."

"అంతకంటేనా! తప్పకుండా చెప్తాను."

"ఏదీ, ఒకసారి చెప్పి చూపించు. ఏవయ్యా సాక్షీ, ఈ ఎద్దు పొట్టేలు దొరదేనా?"

వీరభద్రం తల పైకీ కిందికీ ఆడింది.

"అది ఔననడమయ్యా బాబూ!"

"మర్యాద నాయనా. అలవాటైపోయింది."

"ఇంకోసారి. గట్టిగా పట్టుకో మెడని."

వీరభద్రం పళ్లు బిగబట్టాడు, కంచెముల్లును నాలుగు కాళ్లతో కరుచుకున్నాడు, ఊపిరి బిగించాడు. తల ఇంకా జోరుగా ఆడింది, పైకీ కిందికీ.

చుక్కన్న చాలాసేపు నెమరేశాడు. నెమరేసేటప్పుడు ఎద్దు ఆలోచిస్తుందన్న సంగతి పొట్టేళ్లకు ఈనాటికీ తెలియదు.

"పోనీలే" అన్నాడు చివరికి. "మేమిక్కడ ఒకరి మీద ఒకరు పడి ఉన్నాం. వెనక్కి జరిగి గోడని గుద్దుదామంటే చోటు లేదు. గేటు విరిచి పోదామంటే అది దొర గుమ్మంలోకే తెరుచుకుంటుంది. నీకొచ్చిన ఆ ఒక్క విద్యతోనే పని కానిద్దాం."

"నిజమే" అన్నాడు వీరభద్రం, ఏ విద్యో తెలియకుండానే.

పొద్దెక్కేసరికి కంచెకు ఇటూ అటూ తిరనాళ్లలా జనం. పల్లం వాళ్లు నానబెట్టిన ఉలవలు తెచ్చుకున్నారు, మెరక వాళ్లు తుమ్మకాయలు తెచ్చుకున్నారు. గొడవంటూ వస్తే మధ్యాహ్నం లోపల తేలిపోతుందని ఇద్దరి లెక్కా ఒకటే. తేలేది తమ వైపే అన్న లెక్క కూడా ఒకటే.

పొట్టేలు దొర కొమ్ములు నిగనిగలాడిస్తూ గేటు ముందుకు వచ్చాడు. గేటుకు కాపలాగా నీలమ్మ పెట్టిన బాతులు క్వాక్‌మన్నాయి.

"ఏవమ్మా నీలమ్మా! నా ఎడ్లు నాకు తోలతావా, నన్నే తోలుకోమంటావా?"

"దొడ్డి అందరిదీ దొరా. పెద్దరికం నాది. నేను చెప్పందే గేటు తీసేది లేదు."

"నీ పెద్దరికం మెరకలో చూపించు. పల్లం వేరుపడింది. మా చేను మాది, మా దొడ్డి మాది, మా ఎడ్లు మావి."

"ఎడ్ల సంగతి తర్వాత చూద్దాం. చేను మాత్రం రెండు కానివ్వను."

దొడ్లోంచి చుక్కన్న తల పైకెత్తాడు. "తర్వాత అంటే ఎప్పుడమ్మా?"

"ఉండవయ్యా! పెద్దవాళ్లం మాట్లాడుకుంటున్నాం కదా" అని కసిరింది నీలమ్మ.

"మాటలెందుకు, సాక్షి ఉన్నాడుగా" అన్నాడు దొర. "ఏవయ్యా వీరభద్రం, ఈ ఎడ్లు నావేనా కాదా?"

వీరభద్రానికి చుక్కన్న కళ్లు కనిపిస్తున్నాయి. నల్లగా, తడిగా, ఇంకా ఏ కుట్లూ లేకుండా. కాదనాలనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. తల మాత్రం పైకీ కిందికీ ఆడింది. పల్లం అంతా ఈలలు.

"ఆగండాగండి!" అంది నీలమ్మ. "దొడ్డి మీద హక్కు మొత్తం చేనుదా కాదా, అది చెప్పు వీరభద్రం."

తల ఆడింది. మెరక అంతా చప్పట్లు.

"నాదీ ఒక ప్రశ్న వీరభద్రయ్యా" అన్నాడు చుక్కన్న. "నా మెడ నాదేనా?"

తల ఆడింది. ఈసారి ఎవరూ చప్పుడు చెయ్యలేదు.

ఆ తర్వాత ఒక్కసారిగా అందరూ మీద పడ్డారు. "మూడింటికీ ఔనంటాడేమిటి వీడు!" "తొండ ముదిరి ఊసరవెల్లయింది!" "ఎవడి చీమలు తిన్నావురా?" రెండు వైపుల చీమలూ తిన్నవాడు కాబట్టి వీరభద్రం అందరికీ తలే ఆడించాడు. రెండు వైపులా కావలసినవాడిగా బతికినవాడు ఒక్క పూటలో ఎటూ కానివాడయ్యాడు.

"చాలు! గేటు విరిచేస్తాను" అని దొర తల వంచాడు.

"విరవండి దొరా, విరవండి" అన్నాడు చుక్కన్న చాలా వినయంగా. "గేటంటే వెదురు తడిక. మీకు తగ్గ పని. ఆ వెనకగోడ జోలికి మాత్రం పోకండి. తల పగిలితే ఆ పాపం నాకెందుకు!"

దొర వంచిన తల ఎత్తాడు. "వెనకగోడకేం?"

"మీకు తెలియందేముంది. అది మీ తాతగారు కట్టించిన గోడ. ఆయన తల తప్ప ఇంకే తలా దాన్ని కదల్చలేదని మా అమ్మ చెప్పేది. అవునా వీరభద్రయ్యా?"

వీరభద్రం తల ఆడింది.

"తాతగారి తల ముందు మీ తల గుమ్మడికాయ ముందు దోసకాయట. అవునా వీరభద్రయ్యా?"

తల ఆడింది. మేకలు పొట్టలు పట్టుకుని నవ్వాయి. పల్లం వైపు కూడా ఎవరో ఉలవలు నములుతూ కిసుక్కుమన్నారు. దొర కొమ్ములకు రాసిన నూనె వేడెక్కింది.

"మావయ్యా, వద్దు" అంది పక్కనున్న కుర్రపొట్టేలు. "వెనకగోడ అంటే కంచె దాటాలి. అవతల మెరక. గోడ పడితే ఎడ్లు పోయేది కూడా అటే కదా..."

"నోర్ముయ్! మా తాతకి మనవణ్ణి నేను. ఎవడి తల ఎంతో ఇవాళ తేలిపోవాలి!"

పొట్టేలు వెనక్కి జరిగిందంటే వెన్ను చూపడానికి కాదు. దొర గేటు దగ్గర్నుంచి వెనక్కి జరిగి, కంచెను తొక్కుకుంటూ అవతలికి దూకాడు. వెనక పల్లం పొట్టేళ్లన్నీ దూకాయి. కంచె విరిగి పడింది. దాంతోపాటు వీరభద్రం నేల మీద పడ్డాడు, పుట్టాక మొదటిసారి. పడ్డచోటి నుంచే చూశాడు. లోపల ఎడ్లు గోడకు దూరంగా, ఒకదాన్నొకటి నొక్కుకుంటూ గేటు వైపు జరుగుతున్నాయి. అప్పుడు అర్థమైంది ఆయనకు, పొద్దున్న చుక్కన్న నెమరేసింది ఏమిటో.

దొర వెనక్కి, ఇంకా వెనక్కి జరిగాడు. ఉరికాడు.

ఢామ్మంది. గోడ పడింది. దొర కూడా పడ్డాడు.

లేచిన దుమ్ములోంచి ఎడ్లు ఒక్కొక్కటే వచ్చి, తమ యజమానిని తొక్కకుండా జాగ్రత్తగా దాటుకుంటూ మెరకలోకి నడిచాయి. చుక్కన్న ఒక్క క్షణం ఆగి కిందికి చూశాడు. "తాతగారి తలే దొరా! సందేహం లేదు" అని వెళ్లిపోయాడు.

ఈ మొత్తం వ్యవహారంలో మేకలు నిలబడి చూస్తూనే ఉన్నాయి. ఎడ్ల రెప్పలు కుట్టిస్తానన్నప్పుడు కదల్లేదు, గేటు విరిచేస్తానన్నప్పుడు కదల్లేదు. ఇప్పుడు నీలమ్మ చూపు విరిగిన కంచె మీద పడింది.

"మన కంచె తొక్కాడే! మన మెరకలో కాలు పెట్టాడే!"

ఎడ్ల కోసం లేవని కొమ్ములు కంచె కోసం లేచాయి. ఉలవల మూటలు ఒకవైపు, తుమ్మకాయలు ఒకవైపు ఎగిరాయి. నిన్నటిదాకా ఒకే పెద్దరికం కింద బతికినవాళ్లు ఒకరి నెత్తి ఒకరు పగలగొట్టుకోవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం లోపల అయిపోతుందన్నారు కదా. ఆ మధ్యాహ్నం ఇంకా రాలేదు.

చుక్కన్న మెరకతో కలిసే పోరాడుతున్నాడు. నీలమ్మ పిలిచిందని కాదు, గానుగ దగ్గర ఇంకా కొందరు మిగిలి ఉన్నారని. వాళ్లు కూడా దొరలంతా యుద్ధంలో ఉండగా గంతలు ఊడబెరుక్కుని ఒకరి తర్వాత ఒకరు వచ్చేస్తున్నారు. వచ్చినవాళ్లను చూసి నీలమ్మ మొదట ఇబ్బందిపడింది, తర్వాత లెంపలేసుకుంది, ఆ తర్వాత యుద్ధం మొదటి నుంచీ ఎడ్ల కోసమేనని అందరికీ చెప్పడం మొదలుపెట్టింది. చుక్కన్న కాదనలేదు. ఆలస్యంగా వచ్చినా మంచి మాట మంచి మాటే.

పల్లంలో గానుగ ఆగిపోయింది. కొమ్ములకు నూనె లేకుండా యుద్ధానికి పోతే పరువేం కావాలి! అందుకని పొట్టేలు దొరే నెత్తికి కట్టు కట్టుకుని కాడి కింద దూరాడు. గంతలు లేకుండా తిరిగితే కళ్లు తిరుగుతున్నాయి. గంతలు కట్టుకుంటే కుర్రపొట్టేళ్లు నవ్వుతున్నాయి. ఒక చుట్టు గంతలతో, ఒక చుట్టు గంతలు లేకుండా తిరుగుతూ, "ఇంత చేసింది ఆ తొండే" అని తిట్టుకుంటున్నాడు. చేసింది ఎద్దని ఒప్పుకోవాలంటే ఎద్దుకు బుద్ధి ఉందని ఒప్పుకోవాలి. అది కాడి కన్నా బరువు.

కాడికీ మెడకీ నడుమ మధ్యవర్తి కూచునే చోటు లేదు.

వీరభద్రం ఇప్పుడు నేల మీదే ఉంటున్నాడు, ఎడ్ల మంద పక్కన. పురుగులు ఏరుకుని తింటాడు, చీమలంత రుచిగా ఉండవు. మొన్నొక సాయంత్రం చుక్కన్న మేస్తూ మేస్తూ దగ్గరికి వచ్చి, కోపం లేకుండానే అడిగాడు. "అన్నేళ్లు మా గానుగకు ఎదురుగానే కూచున్నావు కదా. మేం తిరుగుతుంటే చూస్తూ ఏమనుకునేవాడివయ్యా?"

ఔననో కాదనో తేల్చేసే ప్రశ్న కాదది. వీరభద్రం తల కదలకుండా నిలబడిపోయింది. దానికి జవాబు ఆయనకు ఇంకా తెలియదు.