మజ్జిగ కుండ మీది రికార్డు

“అమ్మేస్తన్నాను మాస్టారూ! ఈరోజే అమ్మేస్తన్నాను!”

కేక వీధి చివర్నుంచి వచ్చింది. ఆదివారం పొద్దున్న, దొండపర్తిలో మా వీధి ఇంకా ఇడ్లీల దగ్గరే ఉంది. నేను ఇడ్లీ చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చాను. చూస్తే మన జామి ఎర్రినాయుడు. పెళ్ళిళ్ళ బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయిస్తాడు. ఆ క్లారినెట్టు పెట్టెని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చంకనేసుకొని, దాన్నే అమ్మేస్తానని ఊరంతా చాటుకుంటూ, మా ఎదురింటి సత్యారావు మాస్టారి అరుగెక్కేశాడు. ఇలాంటివి వదులుకునే మనిషిని కాను నేను. చెయ్యి కడుక్కుని వెనకాలే వెళ్ళాను.

మాస్టారి గురించి చెప్పాలి. హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు గానీ, మా అందరికీ ఆయన రికార్డుల మాస్టారు. పాత గ్రామఫోను రికార్డులు, అందులోనూ జాజ్ రికార్డులంటే ఆయనకి ప్రాణం. ఒకప్పుడు రైల్వే క్లబ్బుల్లోనూ ఓడరేవు హోటళ్ళలోనూ దొరలూ దొరసానులూ డాన్సు చెయ్యడానికి వాయించిన సంగీతం అది. జాజ్ అంటే ఏమిటండీ అని నేనోసారి అడిగితే, అందరూ కలిసి ఒక పాట ఎత్తుకుంటారు, మధ్యలో ఒకడు లేచి ఆ పాటని తన సొంతంగా అల్లుకుపోతాడు, మళ్ళీ వచ్చి అందర్లో కలిసిపోతాడు, అంతే అన్నారు. ఆ మధ్యలో లేచినవాడి పేరు రికార్డు మీద ఉండదట. బ్యాండు మాస్టరు పేరొక్కటే వేస్తారట. మాస్టారు వెతికేది ఆ పేరు లేనివాళ్ళని. పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి, ఒక బ్యాండులో విన్న ఊపిరిని ఇంకో బ్యాండు రికార్డులో పోల్చుకుని, “వీడే! వాడే వీడు!” అని ఆ వయసులో కుర్చీలోంచి ఎగిరి లేస్తారు.

పేరు తెలీదు కాబట్టి తామే ఒక పేరు పెడతారు. ట్రంపెట్టు ఊదే ఒకాయన ఎక్కిళ్ళాయన. పియానో వాయించే ఇంకొకాయన మెట్లు దిగే ఆయన. కొత్తవాడు దొరికితే ఆ పూట ఆ ఇంట్లో నామకరణం భోజనం. మొదట విన్నవాళ్ళు పేరు పెట్టాలి, ఇంట్లో ఉన్నవాళ్ళంతా కలిసి తినాలి. ఆ భోజనాల్లో నేను ఒక్కటీ తప్పలేదు. సంగీతం మీద అభిమానం కొద్దీ అనుకోండి.

ఎర్రినాయుడు కూడా ఆదివారం ఆదివారం వచ్చి, రికార్డులు వింటూ, ఆయన దగ్గర వినడం నేర్చుకుంటున్నవాడే. అలాంటివాడు ఈరోజు పెట్టెని నేలమీద పెట్టి గోడకి జేరబడ్డాడు.

“ఏం జరిగిందిరా నాయుడూ?”

“ఏటి జరగాలండి? మొన్న మేం మేళానికెళ్ళిన గాజువాక పెళ్ళోరు, వీడియో వచ్చింది చూద్దువు రమ్మన్నారు. ఎళ్ళేను. టీవీలో నేను కనిపిస్తన్నాను. బుగ్గలు బూరెల్లాగ పొంగిపోతన్నాయి. వేళ్ళు పరిగెడతన్నాయి. వినిపించేది మటుకు సినిమా పాట! మా మేళం మొత్తం తీసేసి దానిమీద పాటేసేసినాడు ఆ వీడియో ఓడు.”

“పెళ్ళివారేమన్నారు?”

“ఆళ్ళకి తెలిస్తే కదా! ‘భలే వాయించేవు నాయుడూ’ అని నా చేతిలో మిక్చరు పొట్లం పెట్టినారు.”

నాకు నవ్వాగలేదు. వంటింట్లోంచి మాస్టారి ఇల్లాలు పైడితల్లమ్మ గారు గరిటె పట్టుకుని తొంగిచూసి, “నవ్వకండి తమ్ముడూ, పాపం” అంటూ ఆవిడే నవ్వేశారు.

ఎర్రినాయుడు నవ్వలేదు. “ఊరేగింపు మలుపు తిరిగినప్పుడల్లా నాదంటూ ఒకటి ఊదుతాను మాస్టారూ. ఎవరూ ఊదమనరు. పాటలో ఉండదది. మీ రికార్డులోళ్ళలాగ నా సొంతానికి అల్లుతాను. పార్వతీపురం నుంచి తవిటయ్య గారని ఒకాయన మధ్యాహ్నం బస్సుకి ఇక్కడికే వస్తాడు. ఈ క్లారినెట్టే కావాలని కబురు మీద కబురు పెడతన్నాడు. ఇచ్చేసి మా బావమరిది టెంటు హౌసులో చేరిపోతాను. చెప్పండి. వినేవాడే లేనప్పుడు ఊదితే ఏటి, మానితే ఏటి?”

మాస్టారు మూలనున్న ఇంకో పెట్టెని ముందుకి లాగారు. ఎప్పుడూ అంతే. ప్రశ్న అడిగినవాడికి ఏదో ఒక పని పెడతారు.

“ఆయన వచ్చేదాకా ఖాళీయే కదా. ఆ పెట్టె సర్దిపెట్టు” అన్నారు.

రైల్వే క్వార్టర్ల వైపు ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చేసిన రికార్డుల పెట్టె అది. సర్దడమంటే ఒక పద్ధతుంది. ఒక్కో రికార్డునీ కిటికీ దగ్గర వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడాలి. నల్లగా నిగనిగలాడితే మంచిది. ముల్లు తిరిగి తిరిగి గీతలు అరిగిపోయినచోట బూడిదరంగుకి తిరుగుతుంది. అలా అరిగినవి వంటింటికి పోతాయి. ఆ ఇంట్లో ఆవకాయ జాడీకీ, మంచినీళ్ళ కుండకీ, పప్పు డబ్బాకీ అన్నిటికీ రికార్డులే మూతలు. మధ్యలో ఉన్న చిల్లుకి పైడితల్లమ్మ గారు చింతపిక్క బిగిస్తారు.

ఎర్రినాయుడు కోపం కోపంగానే సర్దడం మొదలుపెట్టాడు. ఇది మంచిది, ఇది పోయింది, ఇది మంచిది. ఒక రికార్డుని వెలుతురుకి పట్టి, “ఇదీ పోయింది” అని వంటింటివైపు చాపాడు. ఆవిడ అందుకుని, కడిగి, చింతపిక్క బిగించి మజ్జిగ కుండ మీద పెట్టేశారు.

కాసేపటికి మాస్టారు మంచినీళ్ళకని లోపలికెళ్ళారు. వెళ్ళినవారు ఎంతకీ రాలేదు. చూస్తే మజ్జిగ కుండ ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. రెండు చేతులతో ఆ మూత ఎత్తి, వెలుతురుకి తిప్పి, మళ్ళీ తిప్పి, పంచె చెంగుతో తుడుచుకుంటూ బయటికి తెచ్చారు.

“నాయుడూ, దీన్ని ఎందుకు తీసేశావు?”

“అరిగిపోయింది కదండీ. మధ్యలో చూడండి, బూడిద పట్టీ.”

“అంచుల్లో?”

“అంచుల్లో నల్లగానే ఉంది.”

“చివర్న, చిల్లు దగ్గర?”

“అక్కడా నల్లగానే ఉందండి.”

“రికార్డు అంచు నుంచి వేస్తే అంచు నుంచి అరగాలి కదా? ఇది మధ్యలో మాత్రమే ఎలా అరిగిందిరా?”

ఎర్రినాయుడు తల గోక్కున్నాడు. నిజం చెప్పాలంటే నేనూ గోక్కున్నాను.

మాస్టారు చింతపిక్క ఊడదీసి, గ్రామఫోనుకి కీ ఇచ్చి ముల్లు పెట్టారు. ఏదో బ్యాండు. డప్పులూ బాకాలూ అందరూ ఒకేసారి బయల్దేరారు. హుషారుగానే ఉంది గానీ, ఇలాంటివి ఆ ఇంట్లో బోలెడు విన్నాను. ముల్లు మెల్లిగా బూడిద పట్టీలోకి దిగింది. రేకుల కప్పు మీద వాన పడినట్టు ఒకటే చప్పుడు. ఆ వానలోంచి, అందర్నీ ఆగమన్నట్టు, ఒక్క క్లారినెట్టు లేచింది.

నాకు సంగీతం రాదు. నాకు వినబడినట్టు చెబుతాను. ఎవరో గాలిపటం ఎగరేస్తూ, దారం తెగిపోయిందని భయపెట్టి, తెగలేదులే అని నవ్వి, చేతికందేదాకా దించి, మళ్ళీ వదిలేసినట్టుంది. తర్వాత బ్యాండంతా వచ్చి మీద పడింది. వాన ఆగింది.

ఎర్రినాయుడు ఎప్పుడు లేచి నిలబడ్డాడో నేను చూడలేదు.

“మళ్ళీ వెయ్యండి మాస్టారూ.”

మాస్టారు ముల్లు ఎత్తి సరిగ్గా ఆ బూడిద మొదట్లో పెట్టారు. వాన, గాలిపటం.

“మళ్ళీ వెయ్యండి. ఆ కిందకి జారే దగ్గర ఊపిరి ఎక్కడ తీసుకుంటన్నాడో అందటం లేదు.”

మళ్ళీ వేశారు. ఈసారి ఎర్రినాయుడు పెట్టె తెరిచేశాడు. క్లారినెట్టు ముక్కలు బిగించి, రికార్డుతో పాటు సన్నగా ఊదడం మొదలుపెట్టాడు. జారేచోట తప్పాడు. నాలిక కరుచుకుని, “మళ్ళీ!” అన్నాడు. అండీ గిండీ కూడా ఎగిరిపోయాయి.

“మళ్ళీ వేస్తాను గానీ, చూసుకో. నువ్వు కూడా అక్కడే అరగదీస్తున్నావు” అన్నారు మాస్టారు.

ఎర్రినాయుడు నోటిదగ్గర పెట్టుకున్న క్లారినెట్టుని దించాడు. రికార్డు వైపు చూశాడు. ఎవరి ఇంట్లోనో, ఏ కాలంలోనో, మొత్తం పాట వదిలేసి ముల్లుని పదే పదే అక్కడికే తెచ్చి పెట్టుకున్న మనిషెవరో ఉన్నారు. వాయించినవాడి పేరూ తెలీదు, విన్నవాళ్ళ పేరూ తెలీదు. బూడిద పట్టీ మాత్రం ఎదురుగా ఉంది.

మాస్టారు ఇంకోసారి కీ ఇచ్చారు. ముల్లు మళ్ళీ అక్కడే పెట్టారు. ఈసారి వాడు జారే దగ్గర తప్పలేదు సరికదా, చివర్న తనది ఒక మలుపు కూడా తగిలించాడు.

“అదే! అదే!” అని గుమ్మంలోంచి ఒక గొంతు. మెడలో తువ్వాలు, చేతిలో సంచీ, పెద్దాయన. తవిటయ్య గారు. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి నిలబడిపోయాడాయన.

“బొబ్బిలిలో మా మేనల్లుడి పెళ్ళి ఊరేగింపులో ఇదే ఇన్నాను నాయుడూ! గంటస్తంభం మలుపు దగ్గర. అప్పుడే అనుకున్నాను, ఆ కర్రలో ఏదో ఉంది, మాకది ఉండాలని. ఇలాగివ్వు, ఒకసారి ఊది చూసుకుంటాను.”

ఎర్రినాయుడు నోరు తెరుచుకుని చూస్తూనే క్లారినెట్టు చేతికిచ్చాడు. తవిటయ్య గారు తువ్వాలుతో దాని మూతి తుడిచి, కళ్ళు మూసుకుని, ఛాతీ నిండా గాలి పీల్చి ఊదాడు. ఆకలేసిన మేకపిల్ల అరిచినట్టు ఒక కూత వచ్చింది. ఇంకోసారి ఊదాడు. ఈసారి దాని తల్లి పలికింది.

పైడితల్లమ్మ గారు కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయారు. నేను నవ్వి నవ్వి అరుగుమీద కూలబడ్డాను. తవిటయ్య గారు క్లారినెట్టుని అటు తిప్పి ఇటు తిప్పి, చిల్లుల్లోంచి చూసి, ఎర్రినాయుడి మొహం చూసి, మళ్ళీ దాన్ని చూశాడు.

“ఇందులో లేదేటి అది?” అన్నాడు.

ఎర్రినాయుడు క్లారినెట్టు వెనక్కి తీసుకుని, కళ్ళొత్తుకుని, పెట్టెలో పెట్టి మూత వేశాడు. “ముందు కాళ్ళు కడుక్కోండన్నయ్యా. ఇక్కడ ఈపూట నామకరణం. బోంచేసి ఎల్దురు గాని” అన్నాడు.

“మరి బేరం?”

“మీ ఇంట్లో పెళ్ళికి పిలవండి. వస్తాను.”

చాపలు పరిచారు. అరిటాకులు వేశారు. వంజరం చేపల పులుసు వాసనకి తవిటయ్య గారు వచ్చిన పనీ పోయిన పనీ కూడా మరిచిపోయి కూర్చున్నాడు. వడ్డిస్తానని నిలబడ్డ పైడితల్లమ్మ గారిని కూడా మాస్టారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఎర్రినాయుడు మొదటి ముద్ద కలపబోతుంటే ఆపి, “పేరు పెట్టి తిను” అన్నారు.

వాడు ఎంతో ఆలోచించలేదు. “మళ్ళీ గారు” అన్నాడు.

బాగుందన్నాం అందరం. అప్పుడు గుర్తొచ్చింది పైడితల్లమ్మ గారికి. “అంతా బాగుంది గానీ, ఆ మళ్ళీ గారిని మీరు పట్టుకుపోయారు. నా మజ్జిగ కుండకి మూతేదీ? ఈగలు వాలుతున్నాయి.”

మాస్టారు కూర్చున్నచోటి నుంచే ఎడమచెయ్యి వెనక్కి చాపి, ఎర్రినాయుడు మంచివని పేర్చిన దొంతరలో పైదాన్ని తీశారు. అందరికీ తెలిసిన పేరున్న పెద్ద బ్యాండుది. అంచు నుంచి చివరిదాకా ఎక్కడా మచ్చలేదు, కొన్నరోజు ఎలా ఉందో అలాగే నిగనిగలాడుతోంది. దాన్ని వెలుతురుకి ఒకసారి తిప్పి చూసి ఆవిడ చేతికిచ్చారు.

“ఇది పెట్టు. దీన్నెవరూ మళ్ళీ వెయ్యమనలేదు.”